మన పిల్లల ఆకుకూరల చదువు

(దళితవాడల కూడికల్లో మేము మాట్లాడిన మాటల పాఠం)



భూమి గురించి, కూలి గురించి, బడి గురించి మాట్లాడతామని మీరంతా పనులు ఇడిసిపెట్టి వచ్చిండ్రు. మేము మాట్లాడేది వాటి గురించే. కాకపోతే మాట ఆకుకూర కాడ మొదలుపెడుతున్నం. ఆకుకూర కాడ మొదలుపెడితే భూమి కాడికే పోతం, కూలి కాడికే పోతం, బడి కాడికే పోతం. ఎట్లనో మీరే చూడుండ్రి.

ముందు పిల్లలను ఒక ప్రశ్న అడుగుదాం. మిర్గం వాన పడ్డంక చేన్ల మొదలు మొలిచే కూర ఏది? ఏ వాడలో అడిగినా ఎనిమిదేండ్ల పిల్ల లేచి చెప్తది. చెంచలి కూర అంటది. తగిరంచ అంటది. దొగ్గలి అంటది. తుమ్మికూర, గంగవాయిలి, ఎన్నద్రి, పొన్నగంటి, గునుగు అని వేళ్లు ముడుచుకుంటూ లెక్క చెప్తది. రెండు చేతుల వేళ్లు అయిపోతయి, లెక్క అయిపోదు. మొగపిల్లలను అడిగితే పండ్ల లెక్క చెప్తరు. ఎండకాలం తునికి పండ్లు, మొర్రి పండ్లు, ఈత పండ్లు. వానలు పడంగనే నేరేడు. బతుకమ్మ పండుగ నాటికి సీతాఫలం. సంక్రాంతి నాటికి రేగు, పరికి. బలుసు పండు ఏ గుట్ట మీద దొరుకుతదో, బుడమకాయ ఏ చేన్ల పారుతదో, పుట్టకొక్కులు ఏ పుట్ట కాడ లేస్తయో వాళ్లకు తెలుసు.

ఈ లెక్క ఏ పుస్తకంలో చదివిండ్రు? ఏ పంతులు చెప్పిండు? ఎవరూ చెప్పలే. అమ్మ కలుపుకు పోతే ఎంబడి పోయిండ్రు. అవ్వ గట్టు మీద కూసొని కూర ఏరుతుంటే పక్కన కూసున్నరు. మేకల ఎంబడి, బర్ల ఎంబడి తిరిగిండ్రు. ఆకలైతే చెట్టును చూసిండ్రు. ఆకలే ఈ చదువుకు మొదటి పంతులు. ఆ మాట చెప్పుకోవడానికి మనం సిగ్గుపడాల్సిన పని లేదు. సిగ్గు పడాల్సింది మనల్ని ఆకలికి వదిలేసినోళ్లు.

ఇది చదువు ఎట్ల అయితది?

ఆకులు ఏరుకునుడు కూడా చదువేనా అని కొందరు నవ్వుతరు. ఆ నవ్వేటోళ్లకు జవాబు చెప్పాలె.

చదువు అంటే ఒకదాన్ని ఇంకోదాని నుంచి వేరుచేసి గుర్తుపట్టడం. మన పిల్ల ఆ పని చేస్తున్నది. కామంచి కాయ పచ్చిగ ఉన్నప్పుడు ముట్టద్దు, అది విషం. నల్లగ మాగినంక తినొచ్చు. బుడ్డకాశ పండు పైపొర ఎండి, లోపలి పండు పసుపుపచ్చ అయినంకనే నోట్లో వేసుకోవాలె. గునుగు పూతకు రాకముందే లేత ఆకు కొయ్యాలె, పూత పట్టినంక ఆకు ముదురుతది. తగిరంచ వాన మొదట్లో రెండు మూడు ఆకులప్పుడే కూర. పులిచింత ఆకు పుల్లగుంటది, నాలుగు నమిలితే చాలు, మోపెడు వండుకునేది కాదు. ఇందులో కాలం లెక్క ఉన్నది, మొక్క వయసు లెక్క ఉన్నది, మోతాదు లెక్క ఉన్నది. దీన్ని కాలేజీలో చెప్తే వృక్షశాస్త్రం అంటరు. మన పిల్ల చెప్తే ఆకులు, అలములు అంటరు.

విషం తెలుసుకోవడం ఈ చదువులో సగం. ఉమ్మెత్త కాయ ముట్టద్దు. గురివింద గింజ ఎంత అందంగ ఉన్నా నమలద్దు. గన్నేరు కొమ్మతో పండ్లు తోమద్దు. అడవి ఆముదం గింజ పల్లీ గింజ లెక్క రుచిగ ఉంటది, అందుకే అది పిల్లలకు ఎక్కువ ప్రమాదం. వాంతులు, విరేచనాలతో పిల్లలు దవాఖానాలో పడ్డ వార్తలు మన రాష్ట్రాల్లోనే కాదు, దేశమంతటా వస్తనే ఉన్నయి. ఆ గింజలు తిన్న పిల్లలు తరచుగా చెట్టు పేరు తెలియని పిల్లలే. మేక తిన్నదల్లా మనిషి తినొచ్చని అనుకోవద్దని మన అవ్వలు చెప్తరు. మేక జిల్లేడు తింటది, మనం తినగలమా? పుట్టగొడుగుల సంగతైతే ఇంకా జాగ్రత్త. తెలిసిన పెద్దమనిషి చూసి సరే అంటేనే కుండలోకి పోవాలె. అవ్వ నుంచి మనుమరాలికి ఈ మాట పోవుడు ఆగిపోతే కూర ఒక్కటే పోదు, కాపలా కూడా పోతది.

గునుగు పువ్వు సంగతి చూడుండ్రి. బతుకమ్మ పండుగకు ఊరంతా గునుగు పువ్వు కావాలె. ఆ పువ్వును కోసి మోసుకొచ్చేది ఎక్కువగ మన పిల్లలే. పువ్వు ఊరి బతుకమ్మ మీదికి పోతది. దాని లేతాకు మాత్రం వాడ కుండలోనే ఉడుకుతది. పువ్వుకు అంటు లేదు, ఆకుకు అంటు ఉన్నదా? వినాయక చవితి నాడు తుమ్మికూర తినాలని ఊర్లో ఆచారం. ఆ ఒక్కనాడు తుమ్మికూర పవిత్రం. మిగతా దినాలు అదే కూర మన పళ్లెంలో ఉంటే అది పేదోని తిండి, మాలమాదిగల తిండి. కూరలో తేడా లేదు. తినే మనిషిని బట్టి కూర కులం మారుతున్నది.

కలుపు అని పేరు పెట్టిందెవరు?

ఇగ భూమి కాడికి వద్దాం. విత్తనం వేయకుండా మొలిచే కూర ఎవరి చేన్ల మొలుస్తది? మనకు చేను ఉంటే మన చేన్ల. చేను లేనోళ్లకు దొర చేన్ల, గట్ల మీద, చెరువు శిఖంల, బంచరాయిల, గైరాన్ల. అంటే ఊరుమ్మడి భూమి ఉన్నంతకాలమే ఈ తిండి.

ఆ భూమి ఏమైంది? ఎన్.ఎస్. జోధా అనే ఆర్థికవేత్త ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 80కి పైగా ఊర్లు తిరిగి లెక్క తీసిండు. 1986లో ఆ లెక్క అచ్చయింది. పేద కుటుంబాల ఆదాయంలో 14 నుంచి 23 శాతం దాకా ఊరుమ్మడి భూముల నుంచే వస్తున్నదని అందులో ఉన్నది. ఆ భూములు 1950ల నుంచి 1980ల దాకా బాగ తరిగిపోయినయని కూడ ఉన్నది. కొంత పట్టాలకు పోయింది, కొంత బలిసినోళ్లు కలుపుకున్నరు. మన కండ్ల ముందర జరిగిందే ఆయన లెక్కలో రాసిండు.

ఇప్పటి సంగతి చూద్దాం. జహీరాబాద్ కాడ న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ పేరుతో 12 వేల ఎకరాలకు పైగా తీసుకునే పథకం పెట్టిండ్రు. ఆ ఎర్రనేలల్లో దళితులకు ఇచ్చిన అసైన్డ్ భూములు కూడ ఉన్నయి. భూమి తీసుకునేటప్పుడు అధికారి వచ్చి బోరు లెక్క రాస్తడు, మామిడి చెట్టు లెక్క రాస్తడు, కొట్టం లెక్క రాస్తడు. ఆ చేన్ల ఏడాదికి ఎన్ని పూటల కూర మొలిచిందో రాయడు. ఆ గడి ఆయన కాయితంలో లేదు. 2013 భూసేకరణ చట్టం, భూమి లేకున్నా ఆ భూమి మీద మూడేండ్లుగా బతికే కూలోళ్లను, కౌలుదార్లను నష్టపోయే కుటుంబాల్లో కలిపింది. అందుకని మన బతుకులో ఆ నేల వాటా ఎంతో మనమే లెక్కకట్టి చెప్పాలె. కూర లెక్క పిల్లలకు తెలుసు. పిల్లలతోనే రాయించుండ్రి.

భూమి చేతిలో ఉన్నా ఇంకో దెబ్బ వచ్చింది. అది గడ్డిమందు. కలుపు తీసే ఆడమనిషికి కూలి ఇచ్చుడు బరువైందని మందు కొడుతున్నరు. మందు కొడితే కలుపుతో పాటు చెంచలి పోతది, దొగ్గలి పోతది, గంగవాయిలి పోతది. ఒకే దెబ్బకు మన ఆడోళ్ల కూలి పోయింది, కూర పోయింది. గ్లైఫోసేట్ అనే గడ్డిమందు మనిషికి క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో చెప్పింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం, ఆ మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ కొట్టరాదని ఉత్తర్వు ఇచ్చింది. మన ఊర్లల్ల ఆపరేటర్లు కొడుతున్నరా, మన తమ్ముళ్లే బట్ట కూడ కట్టుకోకుండ డబ్బా భుజాన వేసుకొని కొడుతున్నరా? మీరే చెప్పుండ్రి.

ఇక్కడ పిల్లలకు ఒక కొత్త పాఠం చెప్పక తప్పదు. అవ్వకు ఈ పాఠం అక్కరలేకుండె, మనకు అక్కరొచ్చింది. మందు కొట్టిన చేన్ల కూర కొయ్యద్దు. పత్తిచేను గట్టు మీద కొయ్యద్దు. కంపెనీల నీళ్లు పారే కాలువ పక్కన, మోరీ పక్కన ఎంత పచ్చగ ఉన్నా కొయ్యద్దు. ఏ చేనుకు ఏ దినం మందు కొట్టిండ్రో వాడలో చాటింపు వేయించే పని సంఘం చెయ్యాలె.

కాపాడినోళ్లు ఉన్నరు

ఇదంతా పోయేదే, ఆపలేమని ఎవరన్నా అంటే జహీరాబాద్ దిక్కు చూపించుండ్రి. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్న ఆడోళ్లు ఎక్కువమంది దళితులే, చదువు రానోళ్లే. 1980ల నుంచి వాళ్లు బీడు పడ్డ చెలకలను సాగులోకి తెచ్చిండ్రు. ఒకే చేన్ల జొన్న, కంది, కొర్ర, సామ, అనుము, పెసర కలిపి వేసిండ్రు. మందు కొట్టలే. మందు కొట్టని ఆ చేన్ల కూరలు వాటంతట అవే నిలిచినయి. కలుపు తీసుడు వాళ్లకు కూర కోసుడు కూడ. 2008లో మాచునూరులో సంఘం రేడియో పెట్టి ఈ ముచ్చట్లను వాళ్ల గొంతుతోనే వినిపించిండ్రు. 2019లో ఆ ఆడోళ్ల సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సంతకం రాని చేతులు అంత దూరం పోయినయంటే ఆ చేతుల్లో ఉన్నది చదువు కాదని ఎవరంటరు?

అయితే ఒక ప్రమాదం కూడ చూడాలె. నిన్నటిదాకా జొన్నరొట్టె, కొర్రబువ్వ తింటే మనల్ని ఎనుకబడ్డోళ్లన్నరు. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా పండుగ చేసింది. ఇప్పుడవి పట్నంలో అద్దాల దుకాణాల్లో ఉన్నయి. మునగాకు పొడి డబ్బాల్లో ఉన్నది. వానకాలం బోడకాకర పట్నంల కోడికూరతో పోటీ పడే ధర పలుకుతది. గుట్టల్లో ముండ్లల్ల తిరిగి ఏరిన పిల్లకు అందులో ఎంత వస్తున్నది? రేపు చెంచలికీ ఇదే జరుగుతది. పేరు మనది, కాళ్లు మనవి, పైసలు ఇంకొకరివి. నల్లమలలో చెంచు పిల్లల గడ్డల తెలివికీ, తేనె తెలివికీ ఇదే గతి పట్టకుండ చూడాలె.

ఆకులున్నయి కదా అనేటోళ్లకు

మేము ఈ మాటలు మాట్లాడంగనే ఒక రకం పెద్దమనుషులు సంబరపడతరు. "వాళ్లకు ఆకులున్నయి, అలములున్నయి, ఎట్లన్న బతుకుతరు, ఇగ కూలి పెంచుడెందుకు, రేషన్ ఎందుకు" అంటరు. ఆ నోరు ముందే మూయించాలె.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇది. అయిదేండ్ల లోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67 శాతం. తెలంగాణలో 70 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. అంతకు ముందు సర్వే కంటే ఈ లెక్కలు పెరిగినయి, తగ్గలేదు. ఆకుకూర మంచిదే. తోటకూర జాతి కూరల్లో ఇనుము ఉన్నది, మునగాకులో ఎ విటమిన్ తయారయ్యే సరుకు ఉన్నది, ఉసిరికాయలో సి విటమిన్ ఉన్నది. కానీ ఆకులో ఉన్న ఇనుము ఒంటికి పట్టేది కొంచెమే. గుడ్డు, మాంసం, పప్పు కావాలె. కూర పక్కన బువ్వ ఉండాలె, బువ్వకు కూలి ఉండాలె, కూలి కంటే ముందు భూమి ఉండాలె. కూర మన హక్కుల్లో ఒకటి. మిగతా హక్కులకు బదులుగ ఎవరూ దాన్ని మన చేతిలో పెట్టలేరు.

ఇంకో మాట కూడ ఖరాఖండిగ చెప్తున్నం. ఈ తెలివి నేర్పేందుకు పిల్లలను మళ్లీ పశువుల ఎంబడి తోలుండ్రని మేము అంటలేం. మన తాతలు జీతాలకు ఉండి, బర్లు కాసి, తన్నులు తిని నేర్చుకున్నరు. వెట్టిని 1976 చట్టం రద్దు చేసింది. 6 నుంచి 14 ఏండ్ల పిల్లలకు బడి హక్కని 2009లో చట్టమైంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చింది. మన పిల్ల బడికే పోవాలె. అంబేద్కర్ చూపించిన తొవ్వ అది. మన పంచాయితీ బడితో కాదు, బడి మన పిల్లను చూసే చూపుతో.

హాస్టల్‌లో ఉండే పిల్లలను అడగుండ్రి. ఇంట్ల ఏం తింటరంటే నిజం చెప్పరు. తగిరంచ తిన్నమంటే పక్క పిల్లలు నవ్వుతరని భయం. ఎద్దుకూర తిన్నమంటే ఇంకా భయం. నాలుగేండ్లు హాస్టల్‌లో ఉండి వచ్చిన పిల్ల చేన్లకు పోతే ఏది చెంచలో, ఏది గడ్డో పోల్చలేదు. అవ్వ మాట మోటుమాట అనుకుంటది. పుస్తకంలో మాత్రం కలుపు మొక్కలు హానికరం, పీకివేయాలి అని రాసుంటది. బడి మన పిల్లకు అక్షరం ఇచ్చి, దానికి ధరగ అవ్వ చెప్పిన పేర్లు తీసుకుంటున్నది. రెండూ ఎందుకు ఉండరాదు? అక్షరం వచ్చిన పిల్ల ఆ పేర్లను రాసిపెడితే అవి ఇంక చావవు.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వేల మందితో పోయి చవదార్ చెరువు నీళ్లు తాగిండు. ఆ నీళ్లు లేక చస్తమని కాదు, అందరిదైన చెరువు మనది కూడ అని చెప్పడానికి తాగిండు. బంచరాయి మీద మొలిచిన కూర కూడ అసొంటిదే.

ఏం చేద్దాం?

మాటలతో కడుపు నిండదు. సంఘాలు ఈ వానకాలమే చేయదగ్గ పనులు చెప్తున్నం.

ఒకటి. వాడకొక నోటుబుక్కు పెట్టుండ్రి. అవ్వలు చెప్పాలె, చదువుకునే పిల్లలు రాయాలె. కూర పేరు, ఏ కార్తెలో వస్తది, ఎక్కడ మొలుస్తది, ఎట్ల వండాలె, దేనితో పోల్చుకొని మోసపోతం, ఇవన్నీ రాయాలె. విషపు మొక్కలకు వేరే పేజీ పెట్టాలె. గుర్తుపట్టడంలో అనుమానం ఉంటే ఆ మొక్కను తినేవాటిలో రాయద్దు.

రెండు. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య కమిటీ ఉండాలె, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచెయ్యాలె. మీ పంచాయతీకి పోయి ఆ రిజిస్టర్ చూపించమనుండ్రి. చానా కాడ ఎవరో ఆఫీసులో కూసొని నింపింది ఉంటది. వాడ ఆడోళ్లను అడిగిండ్రా, వాళ్ల పేరు రాసిండ్రా అని నిలదీయుండ్రి. తెలివి ఎవరిదో వాళ్ల పేరు లేకుండ రాయనీయద్దు. బయటోళ్లు వచ్చి అడిగితే మన నోటుబుక్కు సంఘం తీర్మానం లేకుండ చేతికియ్యద్దు.

మూడు. ఊరుమ్మడి భూమిలో కూర కొయ్యనీయకపోతే, పిల్ల ఒడి దులిపించి పంపితే, అది చిన్న సంగతని ఊరుకోవద్దు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులో ఉన్నది. ఊరి ఉమ్మడి వనరులను అందరితో సమానంగ వాడుకోనీయకుండ అడ్డుపడటం ఆ సవరణ ప్రకారం నేరం. కారంచేడు 1985లో, చుండూరు 1991లో మనకు నేర్పిన పాఠం ఒకటే. చట్టం కాయితం మీద ఉంటే చాలదు, దాని ఎనుక సంఘం నిలబడాలె. బంచరాయి, శిఖం, గైరాన్ సర్వే నెంబర్లు రెవెన్యూ ఆఫీసులో అడిగి తీసుకొని, ఎవరు ఎంత కలుపుకున్నరో ముందు తేల్చుండ్రి.

నాలుగు. బడి బువ్వ. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న బడుల్లో వండిన అన్నం పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. 2003 జనవరి నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది మొదలైంది. 2004 ఏప్రిల్‌లో అదే కోర్టు, వంట పనిలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు మొదటి అవకాశం ఇయ్యాలన్నది. మీ బడిలో వంట ఎవరు చేస్తున్నరో చూడుండ్రి. మన ఆడోళ్లే వండాలె. పప్పులో మన చేన్ల మందు కొట్టని కూర పడాలె, దానికి ధర కట్టి కొనాలె. గుడ్డు మాత్రం తగ్గనీయద్దు. కూర పేరు చెప్పి గుడ్డు ఎత్తేస్తమంటే ఒప్పుకోవద్దు.

అయిదు. నెలకొకసారి ఆదివారం నాడు పిల్లలను, అవ్వలను కలిపి చేన్ల మీదికి తీసుకపోండ్రి. మొగపిల్లలు కూడ కూర నేర్వాలె, ఆడపిల్లలు కూడ చెట్టెక్కాలె. కూర ఆడోళ్ల పని, పండు మొగోళ్ల సరదా అనే వాటా మన వాడలో కూడ ఉన్నది. దాన్ని కూడ తీసెయ్యాలె. వాడతో పాటు గొల్ల పిల్లలను, లంబాడ పిల్లలను పిలవండ్రి. వాళ్లకు తెలిసిన చెట్లు మనకు తెలియవు, మనకు తెలిసిన కూర వాళ్లకు తెలియదు. ఒకరి చెట్టు ఇంకొకరికి చెప్పుకుంటే దోస్తీ కూడ పెరుగుతది.

అవ్వలకు ఒక మాట. మీకు తెలిసింది ఏమున్నది బిడ్డా, ఆకులే కదా అనద్దు. మీరు ఆ మాట అంటే పిల్లలు కూడ అదే అంటరు. పంతుళ్లకు ఒక మాట. మీలో మన వాడల నుంచి వచ్చినోళ్లు ఉన్నరు. కలుపు పాఠం చెప్పేటప్పుడు మీ అమ్మ వండిన కూర పేరు ఒక్కటి చెప్పుండ్రి. ఎనుక బెంచీలో కూసున్న పిల్ల తల ఎత్తుతది.

వచ్చే కూడికకు ప్రతి వాడ తన నోటుబుక్కు పట్టుకొని రావాలె. ఎన్ని పేర్లు రాసిండ్రో, ఎన్ని సర్వే నెంబర్లు తేల్చిండ్రో లెక్క చూద్దాం.

జై భీమ్.